మూడు నిలువు గీతలు

మా వైపు దర్జీలు ముప్పావు అని రాయరు. మూడు నిలువు గీతలు గీస్తారు. పావుకు ఒక గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. నా జాకెట్ల కొలతల చీటీ తీసి చూసినా అంతే: పద్నాలుగు పక్కన రెండు గీతలు, ఆరు పక్కన ఒకటి. బిజినేపల్లిలో చిన్నప్పటి నుంచి చూస్తున్న రాత కాబట్టి అందులో వింతేమీ కనిపించేది కాదు. ఆ గీతలు ఒక మనిషి బతుకుకు అడ్డం పడతాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, పనీపాటా లేక చెప్తున్నారనుకునేదాన్ని.

అప్పటికి నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ట్రస్టు ఆఫీసులో పని చేస్తున్నాను. ఆఫీసంటే ఎరువుల దుకాణం మీద ఒకటే గది. ట్రస్టు పెద్దలు హైదరాబాదులో ఉంటారు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు ఎత్తు బూట్లు కుట్టించి ఉచితంగా ఇస్తారు. కాలు ఎంత పొట్టిగా ఉందో కొలిచి, బూటు అడుగున అంత మందం వేస్తారన్నమాట. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో క్యాంపులు పెట్టి కొలతలు తీసుకున్నారు. ఆ మూడు ఊళ్ల ఫైళ్లనూ ఒక్కటిగా కలిపి, హైదరాబాదు సర్వర్‌లోకి ఎక్కించడం నా పని. ఎక్కించడానికి ఒక స్క్రిప్టు ఉంది. పేరు గొప్పగానీ పేజీ నిండని ఆదేశాలు, అంతే. అదీ పైనుంచి వచ్చిందే. నడపమన్నారు కానీ ముట్టుకోనివ్వలేదు. ఇంటి తాళంచెవి ఇచ్చి, లోపల ఏ వస్తువూ జరపొద్దని చెప్పినట్టు ఉండేది నాకు.

నాగర్‌కర్నూల్ క్యాంపు రోజు నేను టోకెన్లు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె అక్కడే పరిచయమైంది. మన్ననూర్ దాటి, నల్లమల లోపలి ఒక పెంట నుంచి వచ్చింది. పెంట అంటే అడవిలోని చిన్న గూడెం, చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఇళ్లు. నాకంటే కొంచెం చిన్నదే అయి ఉంటుంది. చిన్నప్పుడు తొడ ఎముక విరిగితే కట్టు సరిగ్గా కుదరలేదట, కుడికాలు పొట్టిగా ఉండిపోయింది. ఆ కాలి మునివేళ్ల మీద నడుస్తుంది. అడుగు వేసినప్పుడల్లా నడుము ఒక పక్కకు ఒరిగి లేస్తుంది. అయినా నడకలో ఎంత వేగమంటే, వరుసలో తన ముందున్న మగవాళ్లకు ఎక్కడ తగులుతుందోనని నేనే రెండుసార్లు మెల్లగా రమ్మన్నాను.

వంతు రావడానికి ఆలస్యమవుతుంటే నా బల్ల పక్కన నేల మీద కూర్చుంది. బూటు ఎందుకు, ఇన్నేళ్లూ లేకుండానే నడిచావు కదా అని అడిగాను. అలా అడగడం నాకు అలవాటు. నోటికి వచ్చింది అనేస్తాను, తర్వాత నాలుక కరుచుకుంటాను.

ఆమె ఏమీ అనుకోలేదు. "ఎండకాలం మంట కావలి ఉంటదక్కా. అడివిల మంటలు లేవకుంట సూసే పని. ఫారెస్టోళ్లు కూలికి పెట్టుకుంటరు. నేను శానేండ్ల సంది చేస్తున్న. గిప్పుడు కొత్త సారొచ్చిండు. నడిపిచ్చి సూసినంకనే తీసుకుంట అంటుండు."

"నువ్వు నడుస్తున్నావు కదా!"

"కుంటుతున్న గద. మంటొస్తే ఉరకాలె, రేపు నీకేమన్నయితే నా నెత్తిమీదికొస్తది అన్నడు. ఆయనన్నది గూడ తప్పు గాదు."

"తీసుకోకపోతే?"

"మేస్త్రి ఎంబడి పట్నం పోవుడే. ఒకపారి పోయొచ్చిన. సిమెంటు తట్ట నెత్తినవెట్టుకొని మెట్లెక్కమంటరు. నా కాలుతోని యాడైతది. అడివిల ఎంత దూరమన్న నడుస్త గని, మెట్లు నాతోని కాదక్కా."

పులుల అడవి కాబట్టి ఇప్పుడు లోపల చేసుకోవడానికి పనులు పెద్దగా లేవు. గడ్డలకు, తేనెకు తిరగాలన్నా సవాలక్ష షరతులు. ఆ కావలి పని ఒక్కటే ఆమెను పెంటలో నిలబెడుతోంది. ఎండాకాలం మొదట్లో ఆ కొత్త సారు ముందు ఒరగకుండా నడిచి చూపించాలి. అందుకు బూటు కావాలి. ఇంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పగలిగిన మనిషిని ఆ వరుసలో నేను ఇంకొకరిని చూడలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన టెక్నీషియన్లు మధ్యాహ్నానికే చేతులెత్తేశారు. జనం ఎక్కువ, వాళ్లు ఇద్దరు. అందుకని బజారులోని దర్జీని ఒకాయనను పిలిపించారు. పొట్టి కాలి కింద సన్నటి చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పెడుతూ పోతారు. నడుము రెండు పక్కలా సమానమయ్యాక ఆ పలకల దొంతరను టేపుతో కొలుస్తారు. అదే బూటుకు కావలసిన ఎత్తు. ఆమెకు రెండు ముప్పావు అంగుళాలు వచ్చింది. దర్జీ తన అలవాటు ప్రకారం ఫారం మీద రెండు వేసి, పక్కన మూడు గీతలు గీశాడు. పలకల మీద నిలబడిన ఆమె రెండు చేతులూ వదిలేసి, తిన్నగా నిలబడి, గోడవైపు చూస్తూ చాలాసేపు దిగలేదు. దిగమ్మా, వెనక జనమున్నారు అని నేనే అరిచాను.

తర్వాత ఆ ఫారాలు టైపు చేసే అమ్మాయిల చేతికి వెళ్లాయి. కీబోర్డు మీద ఎంటర్‌కు పైన ఒక నిలువు గీత ఉంటుంది కదా, అచ్చం దర్జీ గీతలాగే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నారు, వాళ్లు ఉన్నది ఉన్నట్టే కొట్టారు. రెండు, మూడు గీతలు. వనపర్తి వాళ్లూ అంతే. మా జిల్లాలు వేరయ్యాయి కానీ దర్జీలు వేరు కాలేదు.

ఇక అసలు గోల. హైదరాబాదు సర్వర్‌కు ఫైలు ఎలా ఉండాలంటే, పేరుకూ ఊరికీ మధ్య, ఊరికీ కొలతకూ మధ్య నిలువు గీత ఉండాలి. స్క్రిప్టుకు ఆ గీత గదికీ గదికీ మధ్య గోడ. ఇప్పుడు కొలత గదిలోనే మూడు గోడలు లేచాయి. దాంతో పాదం పొడవు వెళ్లి ఇంకో గదిలో పడింది, ఫోను నంబరు ఇల్లు దాటి వీధిలో పడింది. స్క్రిప్టు నడపగానే తెర నిండా ఎర్రటి ఎర్రర్లు. ముప్పావు ఉన్నవాళ్లు, అర ఉన్నవాళ్లు, పావు ఉన్నవాళ్లు, అందరూ బయటే.

గద్వాల ఫైలు గొడవ ఇంకోటి. అక్కడ టైపు చేసినాయన గీతలు పెట్టలేదు కానీ, అంగుళం గుర్తు పెట్టాడు. అంకె పక్కన రెండు చిన్న చుక్కల్లా ఉండే కోట్ గుర్తు. స్క్రిప్టుకు ఆ గుర్తు కనిపిస్తే, ఇక్కడ మాట మొదలైంది, మళ్లీ ఆ గుర్తు వచ్చేదాకా అంతా ఒకే మాట అని లెక్క. ఒకాయన కొలత దగ్గర మొదలైన మాట తర్వాతి మనిషి కొలత దగ్గర గానీ ముగియలేదు. మధ్యలో ఉన్నదంతా మింగేసింది. కొందరికి ఆ గుర్తు పెట్టి కొందరికి పెట్టకపోవడంతో కొన్నిచోట్ల ఏకంగా నాలుగైదు కుటుంబాలు ఒకే మనిషి కాలి కొలతలో కూరుకుపోయాయి. గద్వాల నేతపని చేసే ఒకాయన ఎత్తు చదివితే, అందులో ముగ్గురు ఆడవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఫోను నంబర్లు వచ్చాయి. మొదట నవ్వొచ్చింది, దాచను. పక్కింటి వాళ్లకు చెప్పుకొని మరీ నవ్వాను.

నవ్వడం అయ్యాక కూర్చొని దారి కనిపెట్టాను. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. స్క్రిప్టు నడిపే ముందే కొలత గదిలోని మూడు గీతలను ముప్పావుగా, రెండింటిని అరగా, ఒక్కదాన్ని పావుగా మార్చాలి. అంగుళం గుర్తు తీసేయాలి. దానికి చిన్న స్క్రిప్టు ఒకటి నేనే రాసుకున్నాను. నడిపి చూశాను. అందరూ ఎవరి గదుల్లో వాళ్లు బుద్ధిగా కూర్చున్నారు. సంతోషం పట్టలేక హైదరాబాదు సారుకు ఫోను చేశాను. సర్వర్ పనులన్నీ చూసేది ఆయనే.

"ఎందుకు మేడమ్ అంత తకలీఫ్?" అన్నాడాయన. "ఎర్రర్లొస్తున్నయని మీరు నిన్న పంపిన ఎక్సెల్ ఫైళ్లు నేనే లోడ్ చేసేసిన. స్పెషల్ క్యారెక్టర్లు అన్ని ఎగిరిపోయేటట్టు ఒక లైన్ పెట్టిన. ఒక్కో కాలమ్‌ల అక్షరాలు, అంకెలు తప్ప ఏదున్నా తీసేస్తది. క్లీన్‌గా ఎక్కింది."

"సార్, ఆ గీతలు తీసేస్తే ఎట్ల? అవి చెత్త కాదు. అవి అరలు, ముప్పావులు."

ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకొని ఊరుకునేదాన్ని. "నాకేం తెలుసు మేడమ్, చూసేతందుకు చెత్త లెక్కనే ఉండె," అన్నాడు మెల్లగా. ట్రస్టు వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎవరో అందరికీ అభినందనలు పెట్టారు, ఒక్క ఎర్రర్ కూడా లేకుండా మూడు జిల్లాలూ ఎక్కాయని.

ఆమె వివరాలు తెరిచి చూశాను. ఎత్తు: రెండు. ముప్పావు లేదు. ఎప్పుడూ లేనట్టే ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను సరిచేసిన ఫైలు పంపాను. రెండు చుక్క ఏడు ఐదు అని. ఆ చుక్క కూడా స్పెషల్ క్యారెక్టరే అట. చుక్క ఎగిరిపోయి రెండు వందల డెబ్బై ఐదు అయింది. అంత పొట్టి కాలు ఉండదని సర్వర్ వెనక్కి కొట్టింది. చిన్న పిల్లలు లెక్క రాసినట్టు రెండు, పక్కన మూడు బై నాలుగు అని పెట్టి చూశాను. ఆ బై కూడా పోయి రెండు వందల ముప్పై నాలుగు అయింది. చివరికి సారు ఆ గది ఎలా కట్టారో చూసి చెప్పాడు: అందులో పూర్తి అంకెలే పడతాయి, ముక్కలు పట్టవు. ఎవరో ఎక్కడో చల్లటి గదిలో కూర్చొని, మనుషుల కాళ్లు పొట్టిగా ఉంటే అంగుళాల చొప్పున లెక్కగా పొట్టిగా ఉంటాయని అనుకున్నారు. వాళ్లను ఒక్కసారి మా క్యాంపుకు తీసుకొచ్చి ఆ పలకలు వాళ్ల చేతికి ఇవ్వాలనిపించింది.

"పోనీ మూడు అని మార్చండి సార్," అని బతిమాలాను. "ఎక్కువైతే చెప్పులు కుట్టే మోచీ చెక్కుతడు. తక్కువైతే పెంచలేం."

"అర్థమైతుంది మేడమ్. కని ఒక మనిషి వివరాలు లోడ్ అయితే ఆ రో లాక్ అయితది. బూటు డెలివరీ అయ్యేదాక తెరుచుకోదు. ఆర్డర్ కూడా వర్క్‌షాపుకు పోయింది."

"డెలివరీ అయినంక తెరుచుకుంటే ఏం లాభం?"

"నాకు గూడ గదే అనిపిస్తది," అన్నాడు.

వర్క్‌షాపుకు ఫోను చేశాను. సర్వర్‌లో ఉన్నదే కుడతామన్నారు. ట్రస్టులో పెద్ద మేడమ్‌కు మెయిల్ రాశాను, గీతలు పోయినవాళ్లందరి పేర్లూ పెట్టి. తదుపరి విడతలో పరిశీలిస్తామని మర్యాదగా జవాబు వచ్చింది. ఒకసారి బూటు అందుకున్నవాళ్లకు కొన్నేళ్ల వరకు మరో విడత లేదని అదే ట్రస్టు నియమాల్లో ఉంది. ఎవరిని అడిగినా నిజమే అంటారు, అయ్యో అంటారు, మా చేతిలో లేదంటారు. ఇంతమందిలో ఒక్కరి చేతిలో కూడా లేని ఆ ముప్పావు అంగుళం ఎవరి చేతిలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నా చేతిలో అయితే లేదు, అది మాత్రం బాగా తెలిసొచ్చింది.

ఆమె అచ్చంపేట మీదుగా బస్సులు మారి వస్తుండేది. ఫోను చేస్తే సరిపోతుంది కదా అంటే, పెంటలో సిగ్నల్ దొరకదనేది. వచ్చినప్పుడల్లా మెట్లెక్కలేక కిందనే, ఎరువుల దుకాణం అరుగు మీద కూర్చొని కబురు పంపేది. నేను దిగి వెళ్లేదాన్ని. ఒకరోజు చెప్పక తప్పలేదు. నీ బూటు కొంచెం తక్కువ ఎత్తుతో వస్తుంది, కంప్యూటర్‌లో ముక్క పోయింది అన్నాను.

"ఎంత తక్కువ?"

చిటికెన వేలు చూపించి, చివరి కణుపు కన్నా కాస్త తక్కువ అన్నాను. ఆమె నా వేలు పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "గింతకేనా నువ్వు గింత పరేషానైతున్నవు? రెండంగుళాలు ఇస్తుండ్రు గద. అసలుకే లేనిదాని కన్న నయమే."

నయమే అని నేనూ అన్నాను.

ఎండలు ముదరక ముందే బూట్లు వచ్చాయి. నల్లటి జత, ఎడమది మామూలుగా, కుడిది అడుగున మందంగా. ఆమె అరుగు దిగి రోడ్డు మీద బస్టాండు వైపు కొంత దూరం నడిచి వెనక్కి వచ్చింది. మడమ నేలకు ఆనింది. మునివేళ్ల నడక పోయింది. కానీ నడుము ఇంకా ఒరుగుతూనే ఉంది, ముందున్నంత కాదు, అయినా చూసేవాళ్లకు తెలుస్తుంది. వస్తున్నప్పుడు నా ముఖం చూసి ఆమెకూ తెలిసింది. ఆ రోజు నా ముఖం దాచుకోవలసింది.

బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బూటును తిప్పి చూసి, అడుగున వేసింది తేలికపాటి నురుగు లాంటి సరుకు, మేకు పట్టదు అన్నాడు. టైరు రబ్బరు కోసి, గట్టి జిగురుతో అంటించి, అంచుల వెంట కుట్టు వేశాడు. "తారు రోడ్డు మీద నడిస్తే ఏం కాదు. రాళ్లల్ల నడిస్తే నేను చెప్పలేనమ్మా," అన్నాడు. ఆమె వేసుకొని నడిచింది. ఈసారి ఒరగలేదు. తిన్నగా, చేతులు ఊపుకుంటూ, మోచీ డబ్బా దాటి, పండ్ల బండ్లు దాటి పోయి వచ్చింది. అక్కడ చూసుకోవడానికి అద్దం లేదు కాబట్టి నన్నే అడిగింది, "ఎట్లున్న అక్కా?" అని. బాగున్నావన్నాను. నిజంగానే బాగుంది.

తర్వాత కొన్నాళ్లు రాలేదు. రాకపోతే పని దొరికినట్టే అనుకున్నాను. కావలి మొదలైతే అడవి విడిచి రావడానికి కుదరదు కదా. బిజినేపల్లి నుంచి బస్సులో వస్తూ రోడ్డు పక్కన ఎండుగడ్డి కాలిన మచ్చలు కనిపిస్తే, ఆమె ఎక్కడో ఒక గుట్ట మీద నిలబడి పొగ కోసం చూస్తూ ఉంటుందని ఊహించుకునేదాన్ని. ఆ ఊహ నాకు హాయిగా ఉండేది.

ఒక పొద్దున ఎరువుల దుకాణం ఆయన కేకేశాడు, నీ మనిషి వచ్చిందని. దిగి చూస్తే ఆమె అరుగు మీద లేదు, నిలబడి ఉంది. పాత రబ్బరు చెప్పులు, కుడికాలు మునివేళ్ల మీద. భుజానికి దుప్పటి మూట. చేతిలో ప్లాస్టిక్ సంచిలో బూట్లు.

"సారు నడవమన్నడు," అంది. "బాట మీద మంచిగనే నడిసిన. ఆయన గూడ, ఏమమ్మా నువ్వేనా అన్నడు. ఇగ రాళ్ల గుట్ట ఎక్కమన్నడు. సగం ఎక్కినంక గా రబ్బరు లేసిపోయింది. కుట్టు తెగింది. అది కాలుకింద ఏలాడుతుంటె పడబోయిన. బూట్లిడిసి, ఒట్టి కాళ్లతోని ఎక్కి దిగిన. ఎప్పటి లెక్కనే, జల్ది జల్ది. కని ఆయన అప్పటికే వద్దని రాసేసిండు."

"మళ్లీ అడగలేదా? బూటు లేకుండానే ఎక్కి దిగినవు కద?"

"అడిగిన. నువ్వు పడబోంగ సూసినంక ఎట్ల పెట్టుకోవాలె అన్నడు. గా బూట్లు ఏసుకోకుంట పోయింటే పడకపోదునేమో. ఏమో, తెల్వదు."

నేను రోడ్డు వైపు తిరిగాను.

రోడ్డుకు అవతల ఒక జీపు ఆగి ఉంది, వెనకంతా మూటలు, మనుషులు. పట్నం పోయే మేస్త్రి బండి. ఆమె సంచి నా చేతిలో పెట్టింది.

"ఇవి నీ దగ్గర పెట్టుకో అక్కా. కొత్తయే ఉన్నయి. రబ్బరు పీకేసిన, కింద జర తుడిస్తే ఏం తెల్వదు. సరిగ్గ రెండంగుళాలోళ్లు ఎవరన్న ఉంటరు గద, నా పాదమంత పాదమున్నోళ్లు. కంప్యూటర్ల సూసి గాళ్లకియ్యి. ఒట్టిగ పోవద్దు."

సరేనన్నాను. జీపులో ఎవరో ఆమె మూట అందుకున్నారు. ఎక్కడానికి వెనక ఇనుప మెట్టు ఎత్తుగా ఉంది. పొట్టి కాలు దాని మీద పెట్టలేక, రెండో కాలు పెట్టి, ఇద్దరు రెక్కలు పట్టుకొని లాగితే ఎక్కింది.

పైకి వచ్చి ఆ పూటంతా ఫైలు ముందు కూర్చున్నాను. సర్వర్‌లోది కాదు, గీతలతో ఉన్న పాత ఫైలు. ఆ పాదం కొలతతో, కుడికాలు సరిగ్గా రెండంగుళాలు తక్కువ ఉన్నవాళ్లను వెతికాను. గద్వాలలో ఉన్నారు. వనపర్తిలో ఉన్నారు. కొల్లాపూర్ నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఒక్కొక్కరికే ఫోను చేశాను. అందరూ ఒకటే చెప్పారు. బూట్లు వచ్చాయమ్మా, చక్కగా సరిపోయాయి, మీ పుణ్యముంటుంది అని. పక్కన గీతలు లేనివాళ్ల కొలతలోంచి పోవడానికి ఏమీ లేదు కదా, వాళ్లకు పోలేదు. ఆ బూట్లు సరిపోయే వాళ్లెవరికీ అవి అవసరం లేదు.